కప్పు అడుగున మనిషి

మా బాబాయి యుద్ధం చేయని నావికుడు. ఈ మాట అనగానే మా చుట్టాల్లో సగంమందికి నవ్వొస్తుంది. పదిహేనేళ్ళు నేవీలో ఉండి ఒక్క గుండు మోతైనా వినకుండా ఇంటికొచ్చిన మనిషిని ఏమనాలో వాళ్ళకి తెలీదు మరి. "ఏం చేసేవురా అక్కడ?" అని మా మేనత్త అడిగితే ఆయన దాచుకోకుండా చెప్పేవాడు: "తుప్పు గీకేం అక్కా, రంగేసేం. మళ్ళీ తుప్పు పట్టింది, మళ్ళీ గీకేం." ఉప్పుగాలిలో ఇనుప ఓడని కాపాడుకోవడమంటే అదే. అంతర్వేది వైపు ఇళ్ళ కిటికీ చువ్వల్ని చూసినవాళ్ళెవరికైనా ఆ సంగతి అర్థం కావాలి. మావాళ్ళకి మాత్రం నావికుడన్నాక ఫిరంగి పేల్చి తీరాలి.

తుప్పు సంగతి నమ్మారు. మిగిలినవేవీ నమ్మలేదు. భూమధ్యరేఖ దాటిన రోజున ఓడలో ఒకాయన సముద్రపు రాజు వేషం కట్టి, కొత్తవాళ్ళందరి మొహాలకీ నురగ పూయించి నీళ్ళతొట్లో ముంచాడంటే నవ్వారు. చేపలు ఎగిరొచ్చి డెక్కు మీద పడ్డాయంటే కూరేం వండేవని అడిగారు. చీకట్లో ఓడ వెళ్ళిన దారంతా నీళ్ళు నీలంగా వెలిగాయంటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివినదాన్ని. ఇవన్నీ జరిగేవేనని గొంతు చించుకుని చెప్పాను. "నువ్వెలాగూ మీ బాబాయి పార్టీయేగా" అన్నారు. చదువుకున్న ఆడదాని మాటకి మా ఇళ్ళలో ఉండే విలువ అంతే.

బాబాయి పోయి ఏడాదైంది. సంవత్సరీకం భోజనాల దగ్గర మా మేనత్త విస్తరి ముందు కూర్చుని, "మా తమ్ముడు బంగారంలాంటోడండీ. నోరు తెరిస్తే కోతలే గానీ, మనసు వెన్న" అంది. అందరూ నవ్వారు. ప్రేమగానే నవ్వారు, కాదనను. గారెలు వడ్డిస్తున్న పిన్ని మాత్రం నవ్వలేదు. చుట్టాలు వెళ్ళాక గిన్నెలు బోర్లిస్తూ నాతో అంది: "ఆయన చెప్పినవాటిల్లో కళ్ళతో చూడ్డానికి వీలున్నది ఒక్కటేనే. అది మీ అత్తయ్యగారి షోకేసులో ఉంది."

దాని సంగతి చెప్పాలంటే పెట్టె సంగతి చెప్పాలి. ఓడ ఏ దేశం వెళ్ళొచ్చినా, బాబాయి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన పెట్టె తెరిచే హక్కు మా నానమ్మది. హాల్లో చాప మీద కూర్చుని ఒక్కో వస్తువూ తీసేది, వరసలు చూసి పంచేది. గోడ గడియారం మా ఇంటికొచ్చింది, ఫ్లాస్కు పెదనాన్న ఇంటికెళ్ళింది. చిన్నకోడలు వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. అన్నీ అయిపోయాక పెట్టె మిగిలేది, అది పిన్నిది. ఇప్పటికీ అందులో దుప్పట్లుంటాయి. మూత మీద తెల్లరంగుతో రాసిన బాబాయి నంబరు సగం చెరిగిపోయింది.

జపాను నుంచి తెచ్చిన టీ సెట్టు పెద్దకూతురని మేనత్తకి దక్కింది. పొగరంగు పింగాణీ, దాని మీద ఉబ్బెత్తుగా డ్రాగన్. "కాళ్ళున్న పాము" అంటుంది మా అత్తయ్య. ఆ కప్పుల అడుగున ఒక అమ్మాయి మొహం ఉందని బాబాయి చెప్పేవాడు. మామూలుగా చూస్తే తెల్లటి పింగాణీయే. టీ తాగేసి, ఖాళీ కప్పుని వెలుతురుకెత్తి పట్టుకుంటే లోపల్నుంచి కనిపిస్తుందిట. కొన్న కొట్లో టీ పోసిచ్చి మరీ చూపించారట. "ఆ కొట్లో నువ్వు తాగింది టీయేనా?" అని అత్తయ్య ఎగతాళి చేసింది. ఒకసారి రాజోలులో ఆవిడింటికి వెళ్ళినప్పుడు, తీసి చూపిస్తానక్కా అన్నాడు. "అమ్మో, ముట్టుకోకు, పగులుతాయి" అంది. మా బాబాయికి పౌరుషం ఎక్కువ. మళ్ళీ అడగలేదు.

"ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వెళ్ళొస్తున్నావు కదా, నువ్వైనా అడగలేకపోయావా?" అని పిన్నిని నిలదీశాను.

"చూసేక, లేకపోతేనో?"

"లేకపోతే ఏం మునిగింది?"

"మీ అందరికీ అవి నవ్వుకోడానికి చెప్పేరే. నాకు చెప్పినప్పుడు నేను నమ్మేను. ఇదొక్కటీ అబద్ధమైతే మిగతావన్నీ నేనెక్కడ పెట్టుకోను?"

అలాంటి కప్పులు నిజంగానే ఉంటాయని ఫోన్లో ఫొటోలు చూపించాను. పిన్ని వాటిని పక్కకి నెట్టేసింది. "ఇవి వీళ్ళ కప్పులు. ఆయన తెచ్చినవాటిలో ఉండాలిగా?" బొమ్మ లేకుండా కూడా అలాంటి సెట్లు చేసేవారని అదే ఫోన్లో చదివాను. ఆ ముక్క పిన్నికి చెప్పలేదు.

వచ్చిన ఆదివారం ఆవిణ్ణి రాజోలు బస్సెక్కించాను. దారి పొడవునా సాకులే. నగరం ఊరు దాటాక మందుబిళ్ళ మర్చిపోయానంది. తాటిపాక సెంటర్లో, తన పినతల్లి కూతురు ఇక్కడే ఉందనీ, చూసి ఎన్నాళ్ళో అయిందనీ లేచి నిలబడింది. ఆవిడ చేతిసంచి నా ఒళ్ళో ఉంది. ఇవ్వలేదు.

"ఏవే, ఫోనైనా చెయ్యకుండా ఊడిపడ్డారు?" అంది అత్తయ్య గేటు తీస్తూ.

"చేస్తే షోకేసు తాళంచెవి పోయిందంటారని."

"అమ్మా తల్లీ! ఈ నోరు మీ అమ్మది కాదు, అచ్చం మా అమ్మదే. రండి, టీ తాగుదురు గాని."

"తాగుతాం. అదిగో, వాటిల్లో."

అత్తయ్య షోకేసు వైపు చూసింది, నా వైపు చూసింది. "వాటిల్లోనా! అవి జపానువే."

"జపానువాళ్ళూ వాటిల్లో టీయే తాగుతారత్తయ్యా."

"పగిలితేనో?"

"పగిలితే నన్ను తిట్టండి. పగలకపోయినా తిడతారు, మీకు నష్టమేం లేదు. సంవత్సరీకం నాడు పదిమందిలో మీ తమ్ముడివి కోతలన్నారు. అది తేల్చుకుని పోదామనొచ్చాం."

"తేల్చడానికి ఇదేమన్నా కోర్టా?" అని, ఆవిడ నన్ను వదిలేసి పిన్ని వైపు తిరిగింది. "ఏమ్మా, ఇదేనా నిన్ను లాక్కొచ్చింది?"

లాక్కొచ్చింది నేనే. సంచి ఇంకా నా చేతిలోనే ఉంది. కానీ పిన్ని కొంగు సర్దుకుని, "లేదండి వదినగారూ. నేనే తీసుకొచ్చేను దీన్ని" అంది.

అత్తయ్య బొడ్లోంచి తాళాలగుత్తి తీసింది. మూడు కప్పులు బయటికి తీసి, పసిపిల్లకి తలంటినట్టు తనే కడిగింది, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. టీ పోసింది. ముగ్గురం వరండాలో కూర్చున్నాం. నాది ముందు అయిపోయింది. కప్పు మీద అరచెయ్యి మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. మొదట చూడవలసింది నేను కాదు.

పిన్ని గుక్కగుక్కకీ ఆగుతూ తాగింది. చివరి గుక్క మిగిల్చి కప్పులోకి చూస్తూ కూర్చుంది.

"చల్లారిపోతోందమ్మా" అంది అత్తయ్య. ఆవిడ గొంతులో వెటకారం లేదు. ఆవిడకీ తెలుసుకోవాలని ఉంది.

పిన్ని ఆ గుక్క మింగి లేచింది. వరండా చివర, కొబ్బరి ఆకుల సందులోంచి ఎండ పడేచోటికి వెళ్ళి కప్పు రెండు చేతులా ఎత్తింది. ఎంతకీ దించదే! నేనూ లేవబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ముక్కు చిన్నదన్నారు" అంది పిన్ని, కప్పులోకే చూస్తూ. "చిన్నదే. కొప్పు పెద్దదన్నారు గానీ, ఇంత కొప్పని చెప్పలేదు. తగ్గించే చెప్పేరు."

అత్తయ్య తన కప్పు ఎత్తి, "నాకేం కనపట్లేదే" అంది. సగం టీ అలాగే ఉంది. "ముందు తాగండి" అన్నాను. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, మొహం చిట్లించుకుంటూ ఎండలోకి పరిగెత్తింది. డెబ్బై దాటిన మనిషి పరిగెత్తడం చూశాను. చూసి వచ్చి మెట్టు మీద కూర్చుంది. "వాడు చూపిస్తానన్నాడు. ముట్టుకోనిచ్చేను కాదు" అంది నేలకేసి చూస్తూ.

కాసేపటికి లేచి లోపలికెళ్ళి, మిగతా కప్పులూ కెటిలూ తెచ్చి పిన్ని ముందు పెట్టింది. "పట్టుకెళ్ళమ్మా. ఇవి నీవి."

నేనప్పటికే పాత పేపర్ల కోసం వెతుకుతున్నాను. పిన్ని చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

"వద్దండి వదినగారూ, ఇక్కడే ఉండనివ్వండి. మా ఇంటికి ఎవరొస్తారండీ? మీ ఇంటికైతే పదిమందీ వస్తారు. వచ్చినవాళ్ళకి వీటిల్లో టీ పొయ్యండి. తాగేక మీరే చూపించండి. 'మా తమ్ముడు చెప్పేడు' అని చెప్పండి, చాలు."

నేను పోట్లాడాను. బస్సెక్కేదాకా పోట్లాడాను. ఆరు కప్పులూ ఒళ్ళో పెట్టుకుని ఇంటికెళ్ళాలని వచ్చినదాన్ని మరి. పిన్ని అరటిపండు ఒలుచుకు తింటూ కిటికీలోంచి చూసింది. కాస్త ఆలస్యంగా నాకు వెలిగింది. కళ్ళు దించుకుని, అన్ని అండీలు పెట్టి ఆవిడ అత్తయ్యకి వేసిన శిక్ష నా నోటితో వెయ్యగలిగేది కాదు.

ఆ వారంలోనే అత్తయ్య ఫోను చేసింది. ఎరువుల కొట్టాయన వచ్చాడట, ఆయన భార్యా వచ్చిందట, ఇద్దరికీ చూపించిందట. "కప్పులు కడగలేక చస్తున్నానే" అని విసుక్కుని, గొంతు తగ్గించింది. "ఇంకో ముక్క. ఆరింటిలోనూ ఉంది గానీ, ఒకదాంట్లో పిల్ల కాస్త పక్కకి తిరిగినట్టుంది. అది ఎవరో వేరే మనిషేమో. వాడేమన్నా చెప్పేడేమో మీ పిన్నిని అడుగు."

అడిగాను. పిన్ని చేస్తున్న పని ఆపి ఆలోచించింది.

"చెప్పలేదని చెప్పు" అంది. "ఆ కొట్లో ఆయన ఎత్తి చూసింది ఒక్క కప్పేనంట. చూడనివాటి సంగతి ఆయనెలా చెబుతారు?"