గడియ పెట్టని తలుపు

మా ఎదురు ఫ్లాట్ టీచరమ్మ గారు పోయారని పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ అన్నాడట. వాచ్‌మన్ మాత్రం గొంతు తగ్గించి, "రాత్రి గడియ పెట్టుకోలే మేడం. నాకైతే జర డౌటే," అన్నాడు. పోయిన మనిషిని కూడా ఈ అమీర్‌పేట బిల్డింగు వదల్లేదు.

నాదీ అనుమానపు బుర్రే. సందు నిండా హాస్టళ్లు, సాఫ్ట్‌వేర్ కోర్సులకని దిగిన కుర్రాళ్లు. బయట చెప్పులు వదిలితే మాయమయ్యే చోట ఒంటరి ఆడమనిషి తలుపు ఊరికే దగ్గరికి వేసుకుని పడుకోవడమేమిటి? ఆవిడ స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవారు, అదీ మధ్యాహ్నం బ్యాచ్‌లే. పొద్దున పలకరిస్తే లోపలినుంచే జవాబు. సాయంత్రమేమో సంచి మోచేతికి తగిలించుకుని పంజాగుట్ట దాకా వెళ్లొచ్చేవారు. "పొద్దుగాల లేవనామె మాపటికి ఎట్ల తిరుగుతది?" అని మెట్ల మీద గుసగుసలు.

ఒకరోజు పాల ప్యాకెట్ ఎండెక్కినా గుమ్మంలోనే ఉంది. అదే సాకుగా లోపలికి వెళ్లాను. ఆవిడ రెండు చేతులూ వేణ్నీళ్ల బేసిన్‌లో పెట్టుకుని కూర్చున్నారు. వేళ్ల కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి.

"పాలివ్వడానికి వచ్చావా, ఇంట్లో ఎవరున్నారో చూడ్డానికి వచ్చావా?"

"రెండూనండి," అన్నాను.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్ అమ్మాయ్. కీళ్లవాతం. పొద్దున్నపూట ఈ వేళ్లు నా మాట వినవు. రాత్రి గడియ పెట్టానంటే తెల్లారి తీయలేను. ఎండెక్కాక కాస్త దారికొస్తాయి."

"మరి ఆ మాట అందరికీ చెప్పొచ్చు కదండీ?"

"చెబితే మా తమ్ముడొచ్చి గుంటూరు తీసుకుపోతాడు. మరదలు మంచిదే, కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. నాకు కూర్చోవడం వద్దు. అనుమానం ఉన్నవాళ్లు గుమ్మం దగ్గరే ఆగుతారు. జాలిపడేవాళ్లు వంటింట్లోకొచ్చి గరిటె లాక్కుంటారు."

కుళాయి మోచేత్తో తిప్పేవారు. గ్లాసు రెండు అరచేతులతో పట్టుకునేవారు. క్లాసులో బోర్డు మీద పిల్లల చేతే రాయించేవారు. ఆవిడకి స్పెల్లింగులు రావేమోనని అక్కడా అనుమానించారట. అది చెప్పి పడీపడీ నవ్వారు.

ఆ మధ్య అసోసియేషన్ మీటింగ్‌లో, గడియ పెట్టుకోకపోతే ఆవిడ చేత ఇల్లు ఖాళీ చేయించాలన్నారు. ప్రెసిడెంట్ నా వైపు తిరిగాడు. "మీరు ఎదురుంగనే ఉంటరు గదా. రాత్రిపూట ఎవరన్న వస్తుండ్రా?"

చివరి కుర్చీలో కూర్చున్న ఆవిడ నా మొహమే చూస్తున్నారు. నిజం చెబితే పేరు బాగుపడుతుంది, ఇల్లు పోతుంది.

"ఎవరూ రారు. తలుపు నేను చూసుకుంటా, మీకేం ఫికర్?" అన్నాను. ఆ రోజు నుంచి నన్ను కూడా అదోలా చూడటం మొదలుపెట్టారు. ఆవిడ మాత్రం ఆ ఇంట్లోనే ఉన్నారు.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నానికి తమ్ముడు గుంటూరు నుంచి వచ్చి, మందుల చీటీలు చూసి జబ్బు పేరు బయటపెట్టాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. "అయ్యో, ముందే చెప్తే వంతులేసుకొని వండిపెట్టేటోళ్లం గదా!" నిజంగానే పెట్టేవాళ్లు. అందుకే నాకు ఒళ్లు మండింది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లాను. స్టవ్ మీద రాత్రి పెట్టుకున్న మిరియాల చారు మిగిలి ఉంది. "మైల పడ్డది, పారబొయ్యి," అంది వెనకనుంచి ఎవరో. నాకు ఏడుపు ఆగలేదు. ఆ చారు గ్లాసులో పోసుకుని, అందరూ చూస్తుండగానే తాగాను. ఉప్పూ పులుపూ సరిగ్గా కుదిరాయి.