ఆముదం చేతులతో టైట్రేషన్

ఎక్కడ నలుగురు చేరినా మా చిన్నాన్న ఒకటే కథ చెబుతాడు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో కెమిస్ట్రీ లెక్చరరుతో గంటసేపు వాదించి, ఆయన నోరు మూయించి, ఆయన పెట్టిన రూలు ఆయన చేతే కొట్టేయించానట. వినేవాళ్లు నా వైపు చూసి "అవునవును, ఈవిడ అంతపనీ చేస్తుంది" అని తలలూపుతారు. జరిగింది అది కాదు. వాదించిన మాట నిజమే, కానీ గంట కాదు, పది నిమిషాలు. నోరు మూతపడిన మాటా నిజమే, కానీ అది నాది. చిన్నాన్న ఆ రోజు టెక్కలిలో లేనే లేడు, కోటబొమ్మాళి సంతలో ఉన్నాడు. అక్కడినుంచి ఇదంతా అంత స్పష్టంగా ఎలా కనబడిందో నాకు తెలియదు.

కాలేజీలో చేరితే ఇక మనల్ని అడిగేవాడుండడని నమ్మిన రోజులవి. పలాసలో బస్సెక్కి టెక్కలిలో దిగితే చాలు, స్వేచ్ఛ అనుకునేదాన్ని. కెమిస్ట్రీ సార్ మొదటి క్లాసులోనే ఆ భ్రమ తీర్చేశారు. ఆ రోజు ఆయన పాఠం చెప్పలేదు, పద్నాలుగు రూళ్లు డిక్టేట్ చేశారు (ఆ సాయంత్రానికే ఆయన పేరు "పద్నాలుగు సార్" అయిపోయింది). ఏప్రాన్ లేనిదే ల్యాబులోకి రాకూడదు, అయిదు నిమిషాలు ఆలస్యమైతే గుమ్మం బయటే, రికార్డు ఏ వారానిది ఆ వారమే దిద్దించుకోవాలి. ఆరోది, తప్పిపోయిన ప్రయోగం మళ్లీ చేయించబడదు. తొమ్మిదోది, గాజు సామాను పగలగొట్టినవారు తల్లినో తండ్రినో తీసుకొచ్చేదాకా ల్యాబులో అడుగుపెట్టకూడదు, ఆ వారం ప్రయోగం పోయినట్టే. చివరిది అన్నిటికీ తాళం లాంటిది: ఒక్క ప్రయోగం తక్కువైనా ప్రాక్టికల్ పరీక్షకు పంపరు. మా నాన్న ఆ కాగితం మీద సంతకం పెడుతూ తన రూలు కూడా చెప్పేశాడు. ఒక్క పరీక్ష పోయినా చదువు చాలు, అమ్మతో పాటు జీడిపప్పు ఫ్యాక్టరీకే.

నా కొంప ముంచింది మాత్రం మూడో రూలు. "ఆమ్లాలు ముట్టుకునే ముందు చేతులకు తగిన రక్షణ తీసుకోవాలి." గ్లవుజులనేవి ఉంటాయని కూడా మాకప్పటికి తెలియదు. మా ఇంట్లో రక్షణ అంటే ఒక్కటే, ఆముదం. జీడిపిక్క కొడితే పెంకులోంచి వచ్చే రసం చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకని అమ్మ పనిలో కూర్చునే ముందు రెండు చేతులకూ ఆముదం పట్టించేది. అయినా ఆవిడ వేళ్లు నల్లగానే ఉండేవి. మరి ఆమ్లమంటే ఇంకెంత ఉంటుందో అని, మొదటి టైట్రేషన్ రోజు ల్యాబు వరండాలో నిలబడి మోచేతుల దాకా శ్రద్ధగా రాసుకున్నాను. మిగతావాళ్లను చూసి జాలిపడ్డాను కూడా, పాపం, అమాయకులు అని. బ్యూరెట్టును స్టాండుకు బిగించబోయాను. అది నా చేతిలోంచి చేపలా జారి నేల మీద మూడు ముక్కలైంది.

సార్ వచ్చారు. ముక్కల్ని చూశారు, నా చేతుల్ని చూశారు.

"ఏమిటా జిడ్డు?"

"రక్షణ సార్. మూడో రూలు."

"తొమ్మిదో రూలు గుర్తుందా?"

"మూడు పాటించడం వల్లే తొమ్మిది తప్పాను సార్. అలాంటప్పుడు తప్పు నాదా, మూడోదానిదా?"

"తొమ్మిదిలో ఎందుకు పగిలిందని లేదమ్మా. పగిలితే అని ఉంది."

"మూడులో నూనె రాయకూడదనీ లేదు కదా సార్!"

ఇలా పది నిమిషాలు. నా వాదన ఎంత గట్టిదో నాకు తెలుసు, ఇప్పటికీ గట్టిదే. ఆయన మాత్రం గుమ్మం వైపు వేలు చూపించి "అమ్మనో నాన్ననో తీసుకురా" అన్నారు. నాన్నను తీసుకెళ్తే చదువు అక్కడితో సరి. అందుకని అమ్మకే చెప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత అమ్మ ఒక పూట పని మానుకుని, ఆదివారం చర్చికి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. ఏం మాట్లాడాలో బస్సులో పలాస నుంచి టెక్కలి దాకా నూరిపోశాను. ఆవిడ సగం దారి నిద్రపోయింది. సార్ పద్నాలుగు రూళ్లూ చదివి వినిపించి అడిగారు: "ఈ నూనె రాసుకోవడం మీరే నేర్పారా అమ్మా?"

"నానే బాబూ" అని అమ్మ నా వైపు తిరిగింది. "ఓలి గుంటా, పిక్క కొట్టినప్పుడు ఆవదం రాత్తాం. పప్పు తీసినప్పుడు ఏటి సేత్తాం? సెప్పు."

"బూడిదతో చేతులు కడుక్కుంటాం."

"మరి గాజు ముట్టుకున్నప్పుడు కడగవేటి? పప్పుకున్నపాటి ఇలవ గాజుకి లేదేటి?" మళ్లీ సార్ వైపు తిరిగి, "ఇది సగమే నేర్సుకుంది బాబూ. మా కాడా అంతే, జిడ్డు సేత్తో పప్పు ముట్టుకుంటే ఆ పూటకి గేటు అవతలే. మీ రూలు మీరు మార్సకండి. దీనికి నోరే గానీ సెయ్యి లేదు."

నా తరఫున మాట్లాడటానికి వచ్చిన మనిషి! బస్సులో నేను నూరిపోసినదాంట్లో ఇదొక్క ముక్కా లేదు. సార్ కాసేపు రిజిస్టరు తిప్పారు. తర్వాత, బూడిదతో ఎంతసేపు రుద్దాలి, నీళ్లు వేడివా చల్లవా అని అమ్మను అడిగి, చెప్పిందంతా రాసుకున్నారు. పెన్ను మూసి నాతో అన్నారు: "శనివారం పొద్దున రా. ఆ ప్రయోగం చేసేసుకుందువు గాని."

"కానీ సార్, ఆరో రూలు ప్రకారం మళ్లీ చేయించ..." అని నేను మొదలుపెట్టగానే అమ్మ నా నడుం మీద గిచ్చిన గిచ్చుడు వారం దాకా తెలుస్తూనే ఉంది.

శనివారం ఖాళీ ల్యాబులో, బూడిదతో కడిగిన చేతులతో, బ్యూరెట్టు పట్టుకుని ఉండబట్టలేక అడిగాను. "సార్, నేను చెప్పింది కరెక్టనేనా రానిచ్చారు?"

"రంగు చూడు, దాటిపోతోంది" అన్నారాయన. చూసేసరికి ఫ్లాస్కు ముదురు గులాబీ రంగులోకి వెళ్లిపోయింది. మళ్లీ మొదటినుంచి చేశాను. ఆ ఏడాది పరీక్షకు వెళ్లాను, పాసయ్యాను, చివరికి అదే కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను.

ఇప్పుడు నేనూ మొదటి క్లాసులో రూళ్లు చెబుతాను. పదకొండే (మూడు తగ్గించాను కాబట్టి ఉదారురాలినని నా నమ్మకం). నాతో వాదించే పిల్లలకు "రూలంటే రూలే" అంటాను, వాళ్ల వాదన ఎంత బాగున్నా సరే. మొన్న ఫ్లాస్కు పగలగొట్టిన ఒకమ్మాయి వచ్చి "తప్పు నాదే మేడమ్" అంది. నేను ఆలోచించుకునేలోపే, ఆ అమ్మాయిని మళ్లీ ల్యాబులోకి రానివ్వమని నా పెన్ను సంతకం పెట్టేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, అప్పుడు సార్ ముందు తప్పు నాదేనని ఎందుకన్నావని అమ్మను నిలదీశాను. "ఏటో, నాకేటి గేపకం? కూడు సల్లారిపోతంది, తిను" అంది. ముఖంలో మాత్రం ఏదో నవ్వు కదిలినట్టనిపించింది. అన్నేళ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడిన మనిషి ఆ రోజు నిజంగానే తప్పు నాదనుకుందా, లేక గేటు ఎలా తెరుచుకుంటుందో తెలిసే అలా అందా?