ద్రాక్షపందిరి వంతు నీళ్ళు

మస్కట్ పక్క అల్ మవాలేలో నేను పనిచేసే కూరగాయల దుకాణానికి మొన్న ద్రాక్షపెట్టెలు దిగాయి. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక ఇంజనీరుగారి భార్య, వారం వారం వచ్చే మనిషే, ఒక గుత్తి పైకెత్తి పట్టుకుని, "ఏవండీ, ఇవి తియ్యగా ఉంటాయంటారా?" అని అడిగింది. "తిని చూడున్రి అమ్మా, నచ్చకుంటె తీస్కోకున్రి" అన్నాను. ఆమె ఒకటి నోట్లో వేసుకుని, బాగుందని తలూపి, సంచీ నిండా తూయించుకుంది. నేను మాత్రం ముట్టుకోలేదు. ద్రాక్షపండంటే పడక కాదు. ఇంతకన్నా తియ్యటి పండు ఈ దేశంలోనే ఒకసారి తిన్నాను. ఆనాటి నుంచి గుత్తులు తూచి ఇస్తాను గానీ ఒక్కటీ నోట్లో వేసుకోను.

దుకాణానికి రాకముందు నేను జబల్ అఖ్దర్ కొండ మీద ఒక ఊళ్ళో తోటపని చేసేవాణ్ణి. ఒమాన్ అంటే జగిత్యాల వైపు మా వాళ్ళకు ఎండ, ఇసుక, సైట్, క్యాంపు. నేనూ అంతే అనుకుని వచ్చాను. తీరా బండి కొండెక్కి ఎక్కి, చెవులు మూసుకుపోయి, దిగి చూస్తే చలి. లోయ అంచున గూళ్ళలా అతుక్కున్న రాతి ఇళ్ళు, వాటి కింద కొండవాలుకు మెట్లు మెట్లుగా కట్టిన మడులు, ఆ మడుల్లో దానిమ్మ, అక్రోటు, వెల్లుల్లి, గులాబీ. ఎండలు ముదరకముందు గులాబీలు పూస్తే ఆడవాళ్ళు పొద్దున్నే కోసుకొచ్చేవారు, ప్రతి ఇంట్లో మట్టిపొయ్యిల మీద పన్నీరు కాచేవారు. ఆ రోజుల్లో నా చొక్కా కూడా పెళ్ళివారి చొక్కాలా వాసన కొట్టేది. నీళ్ళన్నీ ఎక్కడో పైన కొండ ఊటలోంచి ఒక సన్నటి రాతికాలువలో వచ్చేవి. దాన్ని ఫలజ్ అంటారు. ఎవరి నీళ్ళ వంతు వాళ్ళకు తాతల నాటి నుంచీ ఉంది. పూర్వం పాతిన కర్ర నీడ చూసి వంతులు మార్చేవాళ్ళట.

మా అర్బాబు, అంటే నాకు పనిచ్చిన తోట యజమాని, ముసలివాడు. ఆయనకొచ్చిన హిందీ, నాకొచ్చిన అరబీ కలిపినా ఒక మనిషికి సరిపడా మాట అయ్యేది కాదు, అయినా పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్ళం. ఆయనకు రెండు మడులు. పైది దానిమ్మ, కిందది ద్రాక్షపందిరి. ఆ తీగ వాళ్ళమ్మ నాటినదట. ఆవిడ కొత్తకోడలిగా వస్తూ పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మ అది. రుసైల్‌లో ఫ్యాక్టరీ పనుల్లో ఉన్న నా దోస్తులు ఫోన్ చేసినప్పుడల్లా, "ద్రాక్షతోట అంటివి, మందు గిట్ల కాస్తరా?" అని ఇకిలించేవారు. ఒకసారి అర్బాబునే అడిగేశాను. పాతకాలంలో ఈ కొండ మీద రసం జాడీల్లో పులిసేదని తాతలు చెప్పుకునేవారట. "సిర్కా, సిర్కా" అని నవ్వి మాట మార్చేశాడు. నిజంగానే మేము చేసింది సిర్కానే, అంటే వెనిగర్, పచ్చళ్ళలోకి.

తరువాత వానలు మొహం చాటేశాయి. ఫలజ్‌లో నీళ్ళు మోకాలి నుంచి మడమకు, మడమ నుంచి వేలి మందానికి వచ్చాయి. ఊరి మగవాళ్ళంతా కాలువ మొదట్లో కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో మడి వదులుకోవాలని తేల్చారు. ఉన్న నీళ్ళు అన్నిటికీ పంచితే అన్నీ చస్తాయి. అది న్యాయమే, నాకూ తెలుసు. మా ఊళ్ళో బోర్లు ఎండినప్పుడు నేనూ సగం పొలం ఎండగట్టి సగం పొలం దక్కించుకోవాలని చూసినవాణ్ణే. ఆ సగమూ దక్కలేదు, అందుకే ఇక్కడికొచ్చాను. ఫోన్లో చెబితే మా ఇంటిది ఊరుకుంటుందా. "నువ్వు యాడికి పోతె ఆడ నీళ్ళు పోతయా ఏందయ్యా?" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

మస్కట్‌లో ఉన్న కొడుకులు దానిమ్మే ఉంచమన్నారు. అమ్ముడుపోయేది అదే మరి. అర్బాబు రోజూ పోయి పందిరి కింద కూర్చుని వచ్చేవాడు. ద్రాక్షపిందెలు మిరియాల సైజుకు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున నన్ను పిలిచి, "కింది మడవ మూసెయ్యి. నా చేత్తో నేను మూయలేను" అన్నాడు. మా పద్ధతి ఏమిటంటే, గండిలో రాయి పెట్టి చుట్టూ పాతగుడ్డలు కుక్కడం. కుక్కాను. ఆయన అటు తిరిగి కొండవైపు చూస్తూ నిలబడ్డాడు. మా ఊళ్ళో అయితే తిట్టుకోవడానికి బోరు వేసినవాడైనా ఉండేవాడు. ఇక్కడ ఎవణ్ణి తిట్టాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

తీగ మాత్రం కాత ఆపలేదు. ఆకులు అంచుల వెంట మాడుతున్నా, గుత్తులు ముందే నల్లబడ్డాయి. పండ్లు చిన్నవి, తోలు మందం, లోపల అంతా తేనె. ఏటా చేసినట్టే అర్బాబు పళ్ళాల్లో పెట్టి ఇంటింటికీ పంపించాడు. పక్కింటి పెద్దాయన నాలుగు తిని, కళ్ళు మూసుకుని, మీ అమ్మ ఉన్నప్పుడు కూడా ఇంత తీపి రాలేదు, ఈ ఏడు ఏం వేశావని అడిగాడు.

"నీళ్ళు ఆపాను" అన్నాడు మా అర్బాబు. ఆ పెద్దాయన చేతిలో మిగిలిన పండు మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

చలికాలంలో వాన పడింది. మామూలు వాన కాదు, లోయంతా హోరు. ఫలజ్ ఒడ్డు దాటి పారింది. అర్బాబు చెప్పకముందే పరుగెత్తి రాయి లాగేశాను. పందిరి కిందికి నీళ్ళు గలగలా పోతుంటే ఇద్దరం గట్టు మీద కూర్చుని చూశాం. చలి తగ్గాక గులాబీ చిగురించింది, దానిమ్మ ఎర్రగా మొగ్గ తొడిగింది. ద్రాక్షతీగను మాత్రం గోరుతో గీరితే లోపల పచ్చదనం లేదు. అయినా ప్రతి వంతుకూ ఆయన, "కిందికి తిప్పు" అనేవాడు. నేను తిప్పేవాణ్ణి. ఎండిన తీగకు నీళ్ళేమిటని ఊళ్ళో ఒక్కరూ అనలేదు. తన మడి ఎండబెట్టుకోని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. కొండ దిగి వచ్చేసిన రోజు కూడా మడవ తిప్పే వచ్చాను. అదను దాటిన నీళ్ళు కూడా నీళ్ళే. నేలను తడుపుతాయి, అంతవరకే.