పైన్ పెట్టెల్లో పురుగు చూసిన మా మేడం

మా జువాలజీ మేడం పోయారని మద్దిలపాలెం బస్టాపులో తెలిసింది. చెప్పినవాడు నాతోపాటు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. "మేడం ఎల్లిపోనారు బావా" అన్నాడు. "సంతాపసభకి ఆ ఓడసరుకు ఆఫీసరు కూడా వత్తాడంట."

ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది.

ఆఫీసరు వచ్చాడు. "శాస్త్రానికి అంకితమైన మనిషి" అన్నాడు. ఆ శాస్త్రం తన బల్ల మీదికి వచ్చిన రోజున తనేం చేశాడో మాత్రం చెప్పలేదు. అందుకే నేను రాస్తున్నాను.

మేడంది శ్రీకాకుళం వైపు. పాఠం పుస్తకాల తెలుగులో మొదలయ్యేది, హుషారు వచ్చేసరికి ఇంటి భాషలోకి జారిపోయేది. చెక్క కనిపిస్తే చాలు, గుమ్మమైనా బస్సు సీటైనా గోటితో గీరి చూసేవారు. "సచ్చిన కర్ర అనకండర్రా, దాన్లో ఊరికి ఊరే ఉంటాది" అనేవారు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. యంత్రాలు పైన్ చెక్క పెట్టెల్లో ఓడ దిగేవి. ఖాళీ పెట్టెల్ని వేలం వేసేవారు. అలాంటి ఒక చెక్కముక్కలో మేడంకి బొరియ, అందులో బతికున్న పిల్లపురుగు కనిపించాయి. తెచ్చి ల్యాబులో సీసాలో పెట్టి, పైన వలగుడ్డ కట్టారు. కొన్నాళ్లకి పొడుగు మీసాల పెంకుపురుగు బయటికొచ్చింది. దాన్ని కోసి, అది ఊపిరి పీల్చే గాలిగొట్టాలు విప్పి, మమ్మల్ని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. సన్నటి దారప్పోగుల్లాంటి నులిపురుగులు కిక్కిరిసి ఉన్నాయి.

"ఇలాటివే జపాన్లో పైన్ చెట్లని ఎండగొట్టి సంపుతన్నాయి. ఒక సెట్టునించి ఇంకో సెట్టుకి నడిసెల్లలేవు. పెంకుపురుగే మొయ్యాల. అది రెక్కల పురుగయ్యే ఏళకి దాని ఒంటినించే ఈటికి కబురందుతాది. అప్పుడు రూపు మార్చుకుని, తిండి మానేసి, దాని గాలిగొట్టాల్లోకి ఎక్కేత్తాయి. మోసేవాడు లేకపోతే ఆ రూపే రాదు. పెంకుపురుగుని ఆపితే సెట్టు బతుకుతాది."

మర్నాడే ఓడసరుకు తనిఖీ చేసే ఆఫీసరు దగ్గరికి వెళ్లాం. ఆయన కూర్చోమనలేదు.

"ఇవి ఆ జపాన్ పురుగులేనని సంతకం పెట్టి ఇవ్వగలరా?"

"ఇవ్వలేను. పోలికుంది. తేల్చడానికి టైం కావాల. అందాకా సెక్క బయటికి వదలకండి. అరకు కొండల మీద పైన్ తోటలున్నాయి."

"అంటే మీకే తెలీదన్నమాట. పురుగులు అరకుకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తాయా, మేడం?"

గుమాస్తాలు పగలబడి నవ్వారు.

"లారీల మీద ఎల్తాయి. తెలీదని నాను సెప్తన్నాను. ఫరవాలేదని మీరు ఏటి తెలిసి సెప్తన్నారు?"

వేలం ఆగలేదు. పైగా పనులకి అడ్డం పడుతున్నారని కాలేజీకి ఫిర్యాదు వెళ్లింది. ఆవిణ్ని ఎలమంచిలికి బదిలీ చేశారు. అక్కడ మైక్రోస్కోపు లేదు. ఒక మనిషి నిజాయితీగా "తెలీదు" అంటే, ఆ మాటనే ఆవిడ మెడకి చుట్టారు.

సంతాపసభ అయ్యాక ఆ పెట్టెల మాట ఎత్తితే, ఆ ఆఫీసరు నవ్వుతూ "చివరికి ఏమీ కాలేదు లెండి" అన్నాడు. అవి ఆ పురుగులో కాదో మాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకోనిచ్చింది ఎవరు? ఏమీ కాలేదని హాయిగా చెబుతున్నాడే, ఆ చెక్క ఏమైందో ఎప్పుడైనా అడిగాడా?

మేడం అడిగారు. రేవు దగ్గర పాత ఊళ్లో మంచాలు చేసే సాయిబుగారు కొన్నారని కనుక్కుని, ఎలమంచిలి వెళ్లే ముందు మమ్మల్ని వెంటబెట్టుకుని ఆయన దొడ్లోకి వెళ్లారు.

"కొనుక్కున్న సరుకు తగలెట్టమంటే ఎలాగమ్మా?" అన్నారాయన.

మేడం వాదించలేదు. ఒక చెక్క చీల్చి, లోపల కదులుతున్న పురుగుని చూపించారు. "ఇది నీ మంచం తినేత్తాదని రాలేదు బాబూ. ఎగిరిపోతాదని వచ్చాను."

ఆయన చాలాసేపు చూశారు. "సరే, బొక్కలున్నవి ఏరండి. మంచివి ఒగ్గీండి" అన్నారు.

మధ్యాహ్నమంతా ఏరాం. మంట అంటుకోగానే ఘాటైన జిగురు వాసన వీధంతా కమ్మింది. మేడం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, ఒక్కొక్క చెక్కనీ తిరగేసి చూసి మంటలోకి తోస్తున్నారు. సాయిబుగారు ఎదురుగా నిలబడి, పొడుగు కర్రతో నిప్పు ఎగదోస్తున్నారు.