ఎడమచేతి చుట్టు

ముప్ఫై ఎనిమిదేళ్లు మెల్బోర్న్ ఉత్తరపు పేటల్లో కాఫీ మిషన్లు బాగుచేసిన ఒత్తావియోకి సొంత వంటింట్లో ఎస్ప్రెస్సో మిషన్ కారుతోంది. భార్య నెరీనా పోయి ఎనిమిది నెలలు. మిషన్ కింద, గొట్టం అతుకు దగ్గర నిమిషానికో చుక్క. టీవీ ఎంత గట్టిగా పెట్టినా ఆ చప్పుడే అతని చెవిలో పడేది.

"ఊరందరి మిషన్లూ చక్కబెడతావు, ఇంట్లో కారేది కనపడదా బావా? మా అక్క ఎన్నిసార్లు మొత్తుకుందో!" మరదలు అసుంతా కాఫీ తాగుతూ దెప్పింది.

"రేపు చేస్తాలేవే," అన్నాడు. నెరీనాకీ నాలుగేళ్లు ఇదే మాట చెప్పాడు.

అసుంతా వెళ్లాక సిగ్గేసి పానా తీశాడు. నట్టు విప్పితే గొట్టం మరల మీద, నీళ్లు కారకుండా చుట్టే తెల్లటి టేపు. అతను చుట్టింది కాదు. టేపు నట్టు బిగిసే వైపే చుట్టాలి. లేకపోతే బిగిస్తున్నకొద్దీ ఊడొస్తుందని కొత్తగా పనిలో చేరినవాళ్లందరినీ తిట్టిపోసేవాడు. ఇదేమో ఎదురు చుట్టు.

నెరీనాది ఎడమచేతి వాటం.

అడిగి అడిగి విసిగిపోయి, మొగుడి పెట్టెలోని టేపు తీసి తనే చుట్టుకుంది. ఒక్క మాట చెప్పలేదు.

"ఇంకొక్కసారి అడగలేకపోయావుటే?" అన్నాడు ఖాళీ కుర్చీతో.

టేపు పీకెయ్యబోయిన వేళ్లు ఆగిపోయాయి. నట్టు మళ్లీ అలాగే బిగించి, చుక్క కింద ఆమె కప్పు పెట్టాడు.

మర్నాడు అసుంతా వచ్చింది. "ఇంకా కారుతూనే ఉందేం బావా?"

"అది మీ అక్క చేసిన రిపేరు. నన్ను చెయ్యి పెట్టనివ్వడం లేదు."