టైలు పగలకుండా కన్నం వేసింది నేనే

ఆరేళ్లుగా కడుపులో పెట్టుకున్నాను, ఇవాళ కాగితం మీద రాసి ఈ బోర్డుకి అంటిస్తున్నా. అప్పుడు మన తెలుగు సంఘంలో ఆదివారం పనిముట్ల క్లాసు నేను చెబుతానంటే, ఇంజినీరు రావు గారు "సంతకం కుదరనివాడు పాఠమేం చెబుతాడు" అన్నారు.

ఇవాళ పొద్దున ఆయన భార్యే పరుగున వచ్చింది. "బాబాయ్ గారూ, అలమర బిగిస్తానని మా ఆయన వంటింట్లో రెండు టైల్సు పగలగొట్టేశారు. మూడోది మీరే కాపాడాలి!"

వెళ్లి చూస్తే డ్రిల్లింగ్ మిషనుకి ఇనుములో కన్నాలు వేసే బిట్టు ఉంది, మొన కాలి నీలంగా అయిపోయింది. పైగా సుత్తిలా కొడుతూ తిరిగే హేమర్ స్విచ్చి వేసే ఉంది.

"టైలు గట్టిది కదండీ, హేమర్ లేకపోతే ఎలా?" అన్నాడు రావు.

"అద్దాన్ని సుత్తితో కొడతావా బాబూ? పక్కకి జరుగు" అన్నాను.

నేను సానబెట్టి దాచుకున్న గోడ బిట్టు బిగించా. టైలు మీద టేపు అంటించి, హేమర్ ఆపి, మెల్లగా తిప్పా. ఇటుక తగిలాకే హేమర్ వేశా. కన్నం చూడాలి మీరు, అంచు చెక్కుచెదరలేదు! రావు "అచ్ఛా" అన్నాడు.

నా అక్షరాలు వంకరే, ఒప్పుకుంటా. కన్నం వంకరగా ఉందేమో వెళ్లి చూసి రండి. ఆ క్లాసు నాకిస్తారా, ఇవ్వరా? శనివారం సాయంత్రంలోగా ఈ కాగితం కిందే రాయండి. మొదటి సంతకం రావు గారిదే ఉండాలి.