వామనగుంటల కోసం ఒక మిషను

మా మందుల షాపు వెనక గదిలో ఉన్న ఆ మిషను ఏమిటో చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. ఎంబ్రాయిడరీ మిషనా అని ఒకరు, జిరాక్సా అని ఒకరు. పక్కింటావిడైతే ఆవకాయకు మామిడికాయలు కోస్తుందా అని అడిగింది. కాదమ్మా, దీన్ని సి.ఎన్.సి. అంటారు, కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే ఈ గిర్రున తిరిగే ముల్లు ఆ బొమ్మను చెక్క మీద తొలుస్తుంది, అని ఓపిగ్గా చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే మామిడికాయలు కొయ్యదన్నమాట" అని వెళ్లిపోయింది.

దాన్ని నేను కొన్నది మా అమ్మ చేతి కోసం. ఈ సంగతి ఎవరికి చెప్పినా నాకేదో అయిందన్నట్టు చూస్తారు.

అమ్మకు పక్షవాతం వచ్చి తగ్గాక మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, తిట్లు మొదటికన్నా ఎక్కువే వచ్చాయి. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్లో పెట్టుకుంటే పెట్టినచోటే పడి ఉండేది. దేన్నైనా పట్టిస్తే పట్టు నిలిచేది కాదు. విజయనగరంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి, "చిన్న చిన్న వస్తువులు ఆ వేళ్లతో తీయించండి, పెట్టించండి. వస్తే ఈ కొన్ని నెలల్లోనే రావాలి, తర్వాత నన్నడగొద్దు" అని మొహం మీదే చెప్పేసి, పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. షాపు వెనకే ఉన్న మా ఇంటికి రాగానే అమ్మ దాన్ని ఎడమ చేత్తో వీధిలోకి విసిరేసింది.

"నానేటి సంటిపిల్లనేట్రా, బంతాట ఆడ్డానికి?"

"మరేం ఆడతావు? చెప్పు, అదే తెస్తాను!" అని నేనూ గట్టిగానే అరిచాను.

"వామనగుంటలైతే ఆడతాను. తే సూద్దాం."

రెండు వరసల్లో ఏడేసి గుంటలున్న పీట, అందులో చింతపిక్కలు తీసి పంచుకుంటూ పోయే ఆట. మా ఇంట్లో ఉన్న పాత పీట ఎప్పుడో చెదపురుగుల పాలైంది. విజయనగరంలో ఒక ఫాన్సీ షాపులో మడతపెట్టే పీట దొరికితే పరుగున తెచ్చాను. దాని గుంటలు మరీ ఇరుకు. అమ్మ వేళ్లు లోపలికి దూరనే లేదు. రెండుసార్లు ప్రయత్నించి పీటను పక్కకు తోసేసింది.

"ఇది సీమలు ఆడుకునేదిరా. మనుసులది కాదు."

వడ్రంగితో చేయించవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. చేయించవచ్చు. కానీ గుంట ఎంత వెడల్పుండాలో, అంచు ఎంత వాలుగా ఉంటే ఆ వేళ్లు జారి లోపలికి పోతాయో నాకే తెలియదు. ఒకటి చేసి చూసి, బాగోకపోతే మార్చి ఇంకోటి చేసుకోవాలి. నాలుగుసార్లు మార్పులు చెబితే ఏ వడ్రంగైనా ఉలి నా చేతికిచ్చి నువ్వే చేసుకోమంటాడు. మిషనైతే విసుక్కోదు కదా అనుకున్నాను. పైగా ఆ మిషను వీడియోలు చూసి ఏళ్ల తరబడి లొట్టలేస్తున్నవాణ్ణి, అది దాచడం దేనికి?

చపాతీ పిండి ముద్దలో అమ్మ కుడి చేతి వేళ్లు నొక్కించి, ఆ పడిన గుంటకు స్కేలు పెట్టి కొలతలు తీసుకున్నాను. "ఎందుకురా నా సేత్తో ఈ సరసాలు?" అంది అమ్మ. ఆ పిండితోనే మా ఆవిడ ఆ పూట చపాతీలు చేసింది.

మిషను ముక్కలు ముక్కలుగా అట్టపెట్టెలో వచ్చింది. దానితో వచ్చిన పుస్తకంలో అక్షరాలు ఆవగింజలంత. వారమంతా షాపు కట్టేశాక అదే పని. మొత్తం బిగించాక చూస్తే గుప్పెడు మరలు మిగిలాయి. ఎక్కువే పంపారు, మంచివాళ్లు అని సంతోషించాను. అలా సంతోషించేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి.

సరే, స్విచ్ వేద్దామనుకుంటుండగా మంచం మీంచి అమ్మ కేక వినబడింది.

"బొట్టెట్టకుండా తిప్పుతావేట్రా? బుద్దుండక్కర్లేదేటి?"

మా వైపు కొత్త సైకిలైనా, నీళ్ల మోటారైనా పసుపు రాసి బొట్టు పెట్టకుండా కదలదు. దానికి నేనూ ఏమీ అనను. అమ్మకు కుడి చెయ్యి లేవదు, ఎడమ చేత్తో బొట్టు పెట్టకూడదు. అందుకని తను కూర్చుని, మా ఆవిడ చేత పెట్టించింది. "మోటారుకెట్టావేటి? ఆ కమ్మీలకీ ఎట్టు. ఆ సివర నల్లగా సిన్నది ఉన్నాది సూడు, దానికీ ఎట్టు. అదేటి పాపం సేసింది?" మా ఆవిడ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. పసుపు ముద్ద తడిపి కనబడిన ప్రతిదానికీ దట్టంగా అద్దింది. కొబ్బరికాయ కొట్టాం. మర్నాడు ఆదివారం, తీరిగ్గా స్విచ్ వేశాను.

మిషను కదల్లేదు. కంప్యూటర్ తెర మీద ఎర్రక్షరాలు మాత్రం వచ్చాయి. నేను చివరిదాకా వచ్చేశాను, ఇంకా జరిగితే గుద్దుకుంటాను, కనుక జరగను, అని దాని భావం. అది ఉన్నది నట్టనడుమ! అటు జానెడు, ఇటు జానెడు ఖాళీ. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అదే మాట.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఒక కుర్రాడు ఎత్తి, "రీస్టార్ట్ చేశారా సార్?" అన్నాడు. చేశాను బాబూ. "ఇంకోసారి చేయండి సార్." సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ కలిపాను. ఎర్తింగ్ సరిగా లేదేమోనని, మా ఆవిడ నౌపడలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న కల్లుప్పు పెరట్లో ఎర్తు గొయ్యిలో పోసి బిందెలతో నీళ్లు కొట్టాను. ఉప్పు పోయినందుకు మా ఆవిడ రెండు పూటలు మాట్లాడలేదు. మిషను మాత్రం చివరికొచ్చేశానంటూ నడుమ కూర్చుని ఉంది.

"ఏట్రా, పెల్లికూతురు ఇంకా లెగలేదేటి?" అని అమ్మ అడిగేది, షాపులోకి వినబడేలా. ఒళ్లో ఆ చెయ్యి అలాగే పడి ఉండేది. నాకు మిషను మీద వచ్చే కోపంకన్నా ఆ చేతిని చూస్తే వచ్చే భయం ఎక్కువగా ఉండేది. రోజులు పోతున్నాయి.

శుక్రవారం పొద్దున్న మా ఆవిడ తడిగుడ్డతో మిషనంతా తుడిచి, పాత బొట్లు తీసేసి, కొత్తగా కుంకుమ పెట్టింది. నేను దండం పెట్టి, ఏ ఆశా లేకుండానే స్విచ్ వేశాను. కదిలింది! వెన్నపూసలా జరుగుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. అప్పుడు మా ఆవిడ చేతిలో గుడ్డ చూశాను, దానికి గట్టిపడిన పసుపు పెచ్చులు. ఆ నల్లది, పాపమేమీ చెయ్యనిది, ఒక చిన్న స్విచ్. మిషను చివరికి పోయి దానికి తగిలితే దాని నాలుక నొక్కుకుని ఆగమని చెబుతుంది. పసుపు ఎండి ఆ నాలుకను నొక్కి పట్టేసింది.

ఇద్దరినీ కూర్చోబెట్టి, స్విచ్ చూపించి, నాలుక నొక్కి చూపించి, పసుపు పెచ్చు చూపించి వివరించాను.

"అంటే, బొట్టు మార్చగానే తిరిగింది కదండీ?" అంది మా ఆవిడ.

"శుక్కోరం బొట్టు మారిస్తే తిరగదేటి మరి!" అంది అమ్మ.

తల గోడకు కొట్టుకోవాలనిపించింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం దానికి బొట్టు పడుతూనే ఉంది. నేను చేయగలిగిందల్లా ఆ స్విచ్‌కు షాపులోంచి దెబ్బలకు వేసే ప్లాస్టర్ తెచ్చి గూడు కట్టడం.

ఇక చెక్కడం మొదలైంది. కోత మిల్లు నుంచి మామిడి పలక తెచ్చాను. మా ఊళ్లో చెక్కను అంగుళాల్లో తప్ప ఇంకెలాగూ కొలవరు. పిండి గుంటను కూడా నేను అంగుళాల్లోనే కొలిచాను, బొమ్మలో ఆ అంకెలే వేశాను. మిషనుకు అంగుళాలు పట్టవు, దానివన్నీ మిల్లీమీటర్లు. మోటారు రయ్యిమని కాసేపు తిరిగి ఆగిపోయింది. పని అంత తొందరగా అయిపోయిందా అని పొడి ఊది చూస్తే, అంత పెద్ద పలక మధ్యన బొటనవేలి గోరంత పీట. రెండు వరసల్లో పద్నాలుగు సూది పోట్లు, ముచ్చటగా.

అమ్మ దాన్ని ఎడమ చేతిలోకి తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఓలమ్మ! సీమలకి కూడా సాలదురా ఇది!" అని పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి పలక సరిగా బిగించక పని మధ్యలో లేచి గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఆ తర్వాతి దానిలో గుంటలు మరీ నిటారుగా వచ్చి, అమ్మ వేళ్లు అంచు దగ్గరే ఆగిపోయాయి. తొలిచే ముళ్లు ఎన్ని విరిచానో అడగొద్దు. చెక్కపొడి తలుపు సందుల్లోంచి షాపులోకి వచ్చి మందుల డబ్బాల మీద పేరుకునేది. కొనడానికి వచ్చినవాళ్లు తుమ్మేవాళ్లు, తుమ్ములకు బిళ్లలు అడిగేవాళ్లు, నేను సిగ్గు లేకుండా ఇచ్చేవాణ్ణి.

చివరకు ఒక పీట కుదిరింది. గుంటలు పళ్లేల్లా వెడల్పుగా, వాలుగా, నున్నగా దిగుతున్నాయి. పద్నాలుగో గుంట తొలుస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక, ఆపినచోటి నుంచే మొదలుపెట్టమన్నాను. కరెంటు పోతే మిషనుకు తను ఎక్కడుందో గుర్తుండదు, ముందు దాన్ని దాని మూలకు పంపి అక్కడి నుంచి లెక్క చూసుకోమనాలి. ఆ సంగతి తెలిసీ తొందరలో మరిచిపోయాను. పద్నాలుగోది పోయి పదమూడోదాని అంచును కొరికేసింది. రెండు గుంటలూ కలిసిపోయాయి. పీటను పీకి నేలకేసి కొట్టాను. కోపంలో ఏం తిట్టానో నాకే గుర్తులేదు, షాపులో మనుషులున్నారని మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

"ఇటియ్యి దాన్ని," అంది అమ్మ.

"పాడైపోయిందమ్మా. రేపు ఇంకోటి చేస్తాను."

"నువ్వు సక్కగా సేసేలోపు నాను పోతాను. ఇయ్యిరా!"

ఇచ్చాను. కలిసిపోయిన రెండు గుంటల మధ్య నేను ఒక అట్టముక్క అంటించాను.

ఆట మొదలైంది, దానితోపాటు రోజూ గొడవ. కుడి చేత్తో ఆడితేనే ఆట అని నేను. అమ్మ కుడి చెయ్యి గుంటలో పెట్టి నాలుగు పిక్కలు తీస్తే మూడు జారిపడేవి, నాలుగోది పీట అవతల దొర్లేది. "ఎదవ సెయ్యి!" అని దాన్నే తిట్టి, తర్వాతి వంతు ఎడమ చేత్తో ఆడేసేది. "అమ్మా, కుడి చెయ్యి" అనేవాణ్ణి. "ఆడతన్నాను కదరా, ఏ సెయ్యైతే నీకేటి?" ఫిజియో అమ్మాయి ఫోన్ చేసి, పట్టు వచ్చిందా అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. వారాలు గడిచాయి. మా ఆవిడ రెండు పూటలా వేళ్లకు నూనె రాసి ఒత్తుతూనే ఉంది. అమ్మ ఎడమ చెయ్యి మెరుపులా ఆడుతోంది. కుడి చెయ్యి మళ్లీ ఒళ్లోకి చేరింది. ఇంత గోల పడి నేను చేసింది అమ్మ ఎడమ చేతికి ఒక ఆటవస్తువా అనుకుంటే ఏడుపొచ్చేది. ఇక నేను అరవడం కూడా మానేశాను.

ఒకరోజు మధ్యాహ్నం షాపు మూసి భోంచేశాక కూర్చున్నాం. ఆ పూట వరసగా ఓడిపోతున్నాను. ఓడిపోవడం నాకు కొత్త కాదు, కానీ ఎంత చిత్తుగానో! అనుమానం వచ్చి పిక్కలు లెక్కపెట్టాను. తక్కువున్నాయి.

"ఇదిగో, ఈ అట్టముక్క సందులోకి పోయుంటాయి," అని పీట ఎత్తి దులిపాను. లేవు. చాప ఎత్తాను. మంచం కింద వంగి చూశాను. ఈ దరిద్రపు పీట, దాన్ని చేసిన ఆ దరిద్రపు మిషను, రేపే పాత సామాన్లవాడికి వేసేస్తాను అని గొణుగుతూ మంచం కింద నుంచి లేస్తున్నాను. అమ్మ ఏమీ అనకపోవడమేమిటని తలెత్తి చూశాను.

ఎటో కిటికీలోకి చూస్తోంది. పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది. ఒళ్లో కుడి చెయ్యి ఎప్పటిలా తెరుచుకుని లేదు. ముడుచుకుని ఉంది.

"అమ్మా! దొంగాట ఆడుతున్నావా?"

"నానేటి దొంగాట? నీకు ఆడ్డం సేతకాదు."

"ఏదీ, ఆ చెయ్యి తెరువు."

"తెరవను. ఏటి సేస్తావో సేసుకో."

"తెరువమ్మా!"

"ఒగ్గనంటే ఒగ్గనురా!"

పట్టుకుని లాగాను. రాలేదు. ఆ వేళ్లు విప్పడానికి నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి.